మనుచరిత్ర చరిత్ర కాదు, రసరత్నాకరంలో నవరసాలు లేవు

కందుకూరి వీరేశలింగం పుస్తకాలు మూడింటిని పక్కపక్కన పెట్టి చూడండి: రాజశేఖర చరిత్రము, ఆంధ్రకవుల చరిత్రము, స్వీయ చరిత్రము. మొదటిది నవల, రెండోది కవుల జీవితాలనూ కాలాలనూ తేల్చే పరిశోధన, మూడోది ఆత్మకథ. కల్పనకూ, పరిశోధనకూ, సొంత బతుకుకూ ఒకే మనిషి ఒకే మాట తగిలించారంటే మాటలకు కరువొచ్చి కాదు. ఆయన కాలంలో ఆ మాట మూడు పనులూ చేసేది. ఇవాళ అట్ట మీద 'చరిత్ర' అని కనిపిస్తే తేదీలు, రాజవంశాలు, ఆధారాలు ఉంటాయనుకునే పుస్తకం తెరుస్తాం. రాజశేఖరుడు ఏ రాజ్యం ఏలాడో వెతుక్కునే పాఠకుడి తప్పేమీ లేదు.

పేరులో ఒకే మాట ఉన్న వేర్వేరు ప్రక్రియల పుస్తకాలను ఒకచోట చేర్చి చూపించడం ఇప్పుడు గ్రంథాలయాల్లోనూ, చదువరుల జాబితాల్లోనూ సరదా అయింది. సరదాకు అడ్డేమీ లేదు గానీ, ఆ జాబితాలు చాలావరకు 'భలే కలిసిందే' అన్న దగ్గరే ఆగిపోతాయి. కలవడం యాదృచ్ఛికం కాదు. ఒక మాట నవలలోకి ఎందుకొచ్చింది, నాటకంలోకి ఎందుకొచ్చింది అని విడివిడిగా అడిగితేనే ఆ జాబితాకు విలువ. అడగకపోతే పుస్తకం తప్పు అరలోకి పోతుంది, తప్పు పాఠకుడి చేతికి అందుతుంది.

నవల సంగతే తీసుకుందాం. తెలుగులో తొలి నవల ఏదన్న వాదంలో ఎదురెదురుగా నిలబడే రెండు పుస్తకాల్లో ఒకటి నరహరి గోపాలకృష్ణమ చెట్టి 1872లో వెలువరించిన శ్రీరంగరాజ చరిత్ర. రెండోది 1878 నుంచి కందుకూరి సొంత పత్రిక వివేకవర్ధనిలో వచ్చి, 1880లో పుస్తకమైన రాజశేఖర చరిత్రము. వాదం ఎటు తేలినా తొలి నవల పేరులో చరిత్ర ఉండటం మాత్రం ఖాయం. కారణం చిన్నది: అప్పటికి ఆ ప్రక్రియకు పేరే లేదు. కందుకూరి తన పుస్తకాన్ని వచన ప్రబంధమన్నారు. 'నవల' అన్న మాటను కాశీభట్ట బ్రహ్మయ్య శాస్త్రి తెచ్చారని చెబుతారు. ప్రక్రియకు పేరు లేనప్పుడు పుస్తకం పేరే ఆ లోటు పూడ్చాలి. 'ఇది ఫలానా మనిషి జీవితంలో జరిగిన సంగతుల కథ' అని చెప్పడానికి చేతికందిన మాట చరిత్ర. ఇంగ్లిషులోనూ ఇదే దశ నడిచింది. 1749లో హెన్రీ ఫీల్డింగ్ తన నవలకు పెట్టిన పూర్తి పేరు 'ది హిస్టరీ ఆఫ్ టామ్ జోన్స్, ఎ ఫౌండ్లింగ్'. రాజశేఖర చరిత్రను హచిన్సన్ ఇంగ్లిషులోకి తెచ్చేనాటికి అక్కడ ఆ అవసరం తీరిపోయింది కాబట్టే కాబోలు, 'ఫార్చ్యూన్స్ వీల్' అని పేరు మార్చారు.

అసలు మాట పుట్టుకలో చరిత్ర అంటే గడిచిన కాలం కాదు. 'చర్' అన్న ధాతువుకు నడవడమని అర్థం. దాన్నుంచి వచ్చిన చరితమూ చరిత్రమూ నడవడిని, చేసిన పనులను చెబుతాయి. సచ్చరిత్రుడంటే మంచి నడవడి గలవాడు. 'వాడి చరిత్ర నాకు తెలుసులే' అన్నప్పుడు మనం ఇప్పటికీ ఈ పాత అర్థాన్నే వాడుతున్నాం. అందుకే సంస్కృతంలో ఈ మాట ఏ ప్రక్రియలోనైనా ఇమిడింది. అశ్వఘోషుడి బుద్ధచరితం మహాకావ్యం. భవభూతి ఉత్తరరామచరితం ఏడంకాల నాటకం. ఏడో శతాబ్దిలో బాణుడు రాసిన హర్షచరితం గద్యం, అదీ తన కళ్లెదుట ఉన్న రాజు గురించి.

ఈ గద్యం దగ్గర కాసేపు ఆగాలి. జరిగిన సంగతి ఆధారంగా రాసేది ఆఖ్యాయిక, కల్పించి రాసేది కథ అని పాత అలంకారికులు గీత గీశారు. బాణుడు ఆ గీతకు రెండు వైపులా ఒక్కో పుస్తకం రాశాడు: హర్షచరితం ఆఖ్యాయిక, కాదంబరి కథ. దండి మాత్రం తన కావ్యాదర్శంలో ఈ విభజనను ఒప్పుకోలేదు. రెండూ ఒకే జాతి, పేర్లే వేరన్నాడు. ఆ దండి పేరు మీదే ఉన్న దశకుమారచరితం పూర్తిగా కల్పన. రాజకుమారుల సాహసాలు, దొంగతనాలు, ప్రేమలు. హర్షచరితాన్నీ దశకుమారచరితాన్నీ పేరు చూసి ఒకే అరలో పెట్టేవాడు నవ్వులపాలవుతాడు గానీ, దండి మాత్రం అతన్ని సమర్థించేవాడు. పదమూడో శతాబ్దిలో కేతన దశకుమారచరితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చి తిక్కనకు అంకితమిచ్చాడు. అక్కడ గద్యం కాస్తా పద్యమైపోయింది. పేరు మారలేదు.

మనుచరిత్రది ఇంకో తమాషా. అల్లసాని పెద్దన కావ్యంలో చెప్పుకున్న పేరు స్వారోచిష మనుసంభవం. అది కచ్చితమైన పేరు, ఎందుకంటే స్వారోచిష మనువు పుట్టడమే ఆ కథకు గమ్యం. ఆరు ఆశ్వాసాల కావ్యంలో చివరికి గానీ అతను రాడు. పాఠకులు గుర్తుపెట్టుకునే ప్రవరుడూ వరూధినీ ముందే వచ్చి వెళ్లిపోతారు. వాడుకలో 'సంభవం' పోయి 'చరిత్ర' మిగిలింది. పేరులో మొదటి సగమూ మోసం చేయగలదు. మనుస్మృతిని చెప్పినట్టు సంప్రదాయం నమ్మేది మొదటి మనువైన స్వాయంభువుణ్ణి. పెద్దన మనువు రెండోవాడు. అంటే ఈ రెండు పుస్తకాల్లో 'మను' అన్న మాట ఒకటే గానీ మనిషి ఒకడు కాదు. ఒకటి ధర్మశాస్త్రం, ఒకటి ప్రబంధం. ఇద్దరినీ కలిపేసి మాట్లాడేవాళ్లు తక్కువమందేం లేరు.

పేరు చూసి అర నిర్ణయిస్తే ఎక్కువ నష్టపోయే పుస్తకం ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర చరిత్ర. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే మాటలు అనువదించి చెప్పేవాడిగా పనిచేసిన వీరాస్వామి 1830లో బయలుదేరి 1831లో తిరిగొచ్చారు. దారిలో మజిలీలు, ఊళ్ల మధ్య దూరాలు, దొరికే సరుకులు, జనం అలవాట్లు ఎప్పటికప్పుడు రాసిపెట్టారు. 1838లో అచ్చయింది. తొందరపడి చూస్తే ఇది కాశీ క్షేత్ర చరిత్రలా ధ్వనిస్తుంది. పదాలను ఎక్కడ విడదీస్తున్నామన్నదే తేడా: కాశీ గురించిన యాత్రాచరిత్ర కాదు, కాశీయాత్ర గురించిన చరిత్ర. ఇక్కడ చరిత్ర అంటే 'వృత్తాంతం'. ఆ ఒక్క పొరపాటుతో యాత్రాసాహిత్యంలో ముందు వరుసలో ఉండాల్సిన పుస్తకం స్థలపురాణాల మధ్య దాక్కుంటుంది.

ఇప్పటి అర్థంలో చరిత్ర అయిన పుస్తకం కావాలంటే సురవరం ప్రతాపరెడ్డి 1949లో ప్రచురించిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర ఉంది. 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చిన పుస్తకమిది. రాజులను పక్కకు నెట్టి జనం తిండి, బట్ట, ఆటలు, నమ్మకాల లెక్క తీసింది. విచిత్రమేమిటంటే, ఆ లెక్కకు ప్రతాపరెడ్డి వెళ్లింది శాసనాల దగ్గరకే కాదు, కావ్యాల దగ్గరకు కూడా. పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్ర లాంటివి ఆయనకు గనులయ్యాయి. ఒక శైవగురువు మహిమలు చెప్పడానికి రాసిన ద్విపద కావ్యంలోని 'చరిత్ర', ఏడు వందల ఏళ్ల తర్వాత అసలు చరిత్రకు ముడిసరుకైంది. ఒకే మాట ఉన్న రెండు పుస్తకాల మధ్య నిజమైన బంధుత్వం ఇలా అరుదుగా దొరుకుతుంది. జాబితాలో పక్కపక్కన పెట్టదగిన జంట ఇదీ.

ఇంతవరకు చూసిన మాట పుస్తకంలో ఏముందో చెప్పడానికి ప్రయత్నించేది. ఇంకో జాతి ఉంది. అది పుస్తకంలో ఏముందో చెప్పదు, పుస్తకం ఎంత గొప్పదో చెబుతుంది. చింతామణి, రత్నాకరం, దర్పణం, కౌముది, మంజరి, చంద్రిక ఈ కోవవి. చింతామణి కోరిందిచ్చే మణి. 'ఏం కావాలన్నా ఇందులో దొరుకుతుంది' అని చెప్పుకోవాలనుకునే ఏ గ్రంథకర్తకైనా అంతకు మించిన ప్రకటన లేదు. అందుకే హేమచంద్రుడి నిఘంటువు అభిధానచింతామణి అయింది, హేమాద్రి ధర్మశాస్త్ర సంకలనం చతుర్వర్గచింతామణి అయింది, గంగేశుడి నవ్యన్యాయ (తర్కశాస్త్ర) గ్రంథం తత్త్వచింతామణి అయింది. తెలుగుకు సంస్కృతంలో రాసిన వ్యాకరణం, నన్నయ పేరు మీద చలామణి అయ్యేది, ఆంధ్రశబ్దచింతామణి. తర్కం, నిఘంటువు, వ్యాకరణం, ధర్మశాస్త్రం, నాలుగూ సంప్రదింపు గ్రంథాలే కావడం గమనించండి. తమిళంలో జీవక చింతామణి మాత్రం కావ్యం. ఇక కాళ్ళకూరి నారాయణరావు నాటకం చింతామణిలో ఆ మాటకు మణితో పనిలేదు. అది కథానాయిక పేరు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రదర్శన నిషేధించింది ఈ నాటకాన్నే, గంగేశుడి తర్కాన్ని కాదు.

రత్నాకరమూ అంతే, సముద్రం. శార్ఙ్గదేవుడి సంగీతరత్నాకరం ఏడు అధ్యాయాల సంగీతశాస్త్రం. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం 1885 నాటి తెలుగు నిఘంటువు. రసరత్నాకరం దగ్గర మాత్రం కాలు జారుతుంది. పేరు వినగానే శృంగార వీర కరుణాలు మెదులుతాయి. ఇక్కడ రసమంటే పాదరసం, లోపల ఉన్నది దాన్ని శుద్ధి చేసే పద్ధతులు. రసమంజరి సంగతి మరీ చిక్కు: భానుదత్తుడి రసమంజరి నాయికానాయకుల లక్షణాలు చెప్పే అలంకారగ్రంథం, శాలినాథుడి రసమంజరి రసవైద్యం. ఇక్కడ పంచుకున్నది ఒక మాట కాదు, పేరు మొత్తం. కర్త పేరు లేకుండా 'రసమంజరి ఒక ప్రతి పంపండి' అని రాస్తే ప్రేమకావ్యాల పరిశోధకుడికి పాదరసం భస్మం చేసే విధానం చేరుతుంది.

గ్రంథాలయం ఈ గందరగోళాన్ని సంఖ్యలతో విడదీస్తుంది. డ్యూయీ దశాంశ పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827, తెలుగు భాష 494.827. మొదటి అంకె ఒక్కటే తేడా. ఆ లెక్కన మనుచరిత్ర 894.827 కిందికి, తెలుగు వ్యాకరణం 494.827 కిందికి, ఆంధ్ర చరిత్ర 954.84 కిందికి, భారతదేశ యాత్రలు 915.4 కిందికి, సంగీతం 780 కిందికి, భారతీయ దర్శనం 181.4 కిందికి పోతాయి. అర ప్రకారం చూస్తే ఒకే మాట ఉన్న పుస్తకాలు ఒకదానికొకటి కనబడవు. అక్షరక్రమంలో పేర్ల సూచిక చూసినా కనబడవు. తెలుగు, సంస్కృత సమాసాల్లో పంచుకునే మాట సాధారణంగా చివర ఉంటుంది. మనుచరిత్ర 'మ'లో, వసుచరిత్ర 'వ'లో, స్వీయ చరిత్రము 'స'లో చెల్లాచెదురవుతాయి. చరిత్రలన్నీ ఒకచోట చేరాలంటే పేర్లను చివరి నుంచి మొదటికి చదివి పేర్చిన సూచిక కావాలి. అది ఎవరూ వేయరు, కాబట్టి మిగిలింది కంప్యూటర్ వెతుకులాట.

అక్కడా తెలివిగా వెతకాలి. పూర్తి పదానికే సరిపోల్చే వ్యవస్థలో 'చరిత్ర' అని కొడితే చరిత్రము, చరిత్రం, చరితం ఏవీ రావు. మనుచరిత్ర అని కలిపి రాసిందీ రాదు, 'మను చరిత్ర' అని విడగొట్టి ఎక్కించింది మాత్రమే వస్తుంది. పదం లోపలి ముక్కనూ పట్టే వ్యవస్థ అయితే 'చరిత' అని కొట్టడం మేలు. యూనికోడ్‌లో 'త్ర' అంటే త, దాని తర్వాత పొల్లు, ఆ తర్వాత ర. అంటే 'చరిత' అన్న వరస 'చరిత్ర'కు అచ్చంగా మొదటి భాగమే కాబట్టి రెండు రూపాలూ చిక్కుతాయి. చారిత్రక అన్నవి మాత్రం తప్పించుకుంటాయి, అక్కడ మొదటి అక్షరం 'చా'.

సంధి జరిగిన పేర్లతో మరింత తంటా. పింగళి సూరన కళాపూర్ణోదయం, కృష్ణమిశ్రుడి నాటకం ప్రబోధచంద్రోదయం, రెండింటిలోనూ 'ఉదయం' ఉంది, కానీ 'ఉదయం' అని వెతికితే రెండూ రావు. 'ఉ' గుణసంధిలో కరిగి ఓత్వమైపోయింది. సరేనని 'దయం' అని కొడితే ఆదిత్యహృదయమనే స్తోత్రమూ, వాగ్భటుడి వైద్యగ్రంథం అష్టాంగహృదయమూ వచ్చి కూర్చుంటాయి. ఓత్వం గుర్తుతో కలిపి 'ోదయం' అని ఇవ్వడం సరైన దారి. కొన్ని వెతికే పెట్టెలు అచ్చు గుర్తుతో మొదలైన మాటను ఒప్పుకోవు. అప్పుడు ముందు హల్లుతో సహా 'ణోదయం', 'ద్రోదయం' అని విడివిడిగా వెతకడమే.

ఇలా పోగుచేసిన వాటితో ప్రదర్శనో పఠన జాబితానో తయారుచేసేవారు ప్రతి పేరు పక్కనా మూడు సంగతులు రాసుకుంటే చాలు: ప్రక్రియ, కర్త, ఆ మాటకు ఆ పేరులో ఉన్న అర్థం. మూడో గడిలో అన్నిచోట్లా ఒకే అర్థం పడుతోందంటే జాబితా ఎంపిక బలహీనంగా ఉన్నట్టు లెక్క. ఆరేడు పుస్తకాలు మించకూడదు, మించితే పోలిక పోయి పట్టిక మిగులుతుంది. రెండో గడి ఖాళీగా వదలొద్దు, రసమంజరి గుర్తుంది కదా.

పంచుకోవడానికి చట్టమూ అడ్డు రాదు. పుస్తకం పేరు ఒక్కదానికే కాపీరైట్ రక్షణ ఉండదని 2015లో భారత సుప్రీంకోర్టు ఒక సినిమా పేరు తగవులో తేల్చి చెప్పింది. రేపు ఎవరైనా ఒక వంటల పుస్తకానికి పాకచరిత్ర అనో, సైన్స్ నవలకు అణుచింతామణి అనో పేరు పెడితే కందుకూరి వారసులు గానీ గంగేశుడి శిష్యులు గానీ కోర్టుకెక్కలేరు. దాన్ని ఏ అరలో పెట్టాలన్న తలనొప్పి మాత్రం గ్రంథపాలకుడిదే.