చిరుతబల్లికి సున్నం రాయమన్న మహానుభావుడికి

బరంపురం వాట్సాప్ గ్రూపులో అదే మెసేజ్, పర్లాకిమిడి చుట్టాల గ్రూపులోనూ అదే. ‘లెపర్డ్ గెకో: ఖర్చు లేని పెంపుడు జీవి’ అని పైన మచ్చల బల్లి ఫొటో, కింద ఆరు సూత్రాలు, చివర దండం పెడుతున్న చేతుల బొమ్మలు. ‘నువ్వు పెంచుతావు కదా, నిజమేనా?’ అని మళ్లీ నాకే పంపుతున్నారు. ఒక్కసారి చెప్పేస్తాను, ఇకమీదట ఇది ఫార్వర్డ్ చేసుకోండి.

‘కరెంటు అక్కర్లేదు, మన ఎండే చాలు.’ పచ్చి అబద్ధం అని రాద్దామనుకున్నాను గానీ, న్యాయంగా చెప్పాలంటే ఏప్రిల్, మే నెలల్లో బరంపురంలో ఇది నిజమే. ఆ రోజుల్లో పెట్టె కింద వేడి కోసం పెట్టే కరెంటు హీట్ మ్యాట్ తీసేసి, ఇంట్లో చల్లటి మూల వెతుక్కోవాలి. పెట్టెలో ఒక పక్క నేల 31–33 డిగ్రీలు, రెండో పక్క 25 దగ్గర ఉంటే ఎటు కావాలంటే అటు అదే పోతుంది. కానీ ఈ మెసేజ్‌ని డిసెంబరులో కొరాపుట్‌లో ఉన్నవాళ్లూ చదువుతున్నారు. ఆ చలికి ఒంట్లో వేడి లేకపోతే తిన్న పురుగు అరగదు.

‘ఎడారి జీవి, ఇసుక పోయండి.’ దానిది అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతాల రాళ్ల నేల, గట్టి మట్టి. పురుగుతోపాటు మింగిన ఇసుక పేగులో అడ్డం పడుతుంది. గోపాల్‌పూర్ బీచ్ నుంచి సంచితో తెచ్చినవాళ్లు మళ్లీ అక్కడే పోసి రండి. పాత న్యూస్‌పేపరు చాలు.

‘గోడలెక్కి దోమలు తింటుంది.’ ఎక్కలేదు, దాని వేళ్లకి అతుక్కునే మెత్తలు లేవు. ఆ ఉద్యోగం మీ ట్యూబ్‌లైటు వెనక బల్లి జీతం లేకుండా చేస్తూనే ఉంది.

‘జంటగా ఉంచితే బెంగ పెట్టుకోదు.’ రెండూ మగవైతే తోకలు తెగేదాకా కొట్టుకుంటాయి.

ఇక అసలు ఘనకార్యం. ‘అన్నం మెతుకులు, అరటిపండు పెట్టండి. కాల్షియంకి తాంబూలం సున్నం నాలుక్కి రాయండి. మా ఇంట్లో మూడు నెలలుగా ఇంతే, బ్రహ్మాండంగా ఉంది.’

అయ్యా, ఇది పురుగులు మాత్రమే తినే జీవి. మూడు నెలలు బతికిందంటే మీ అరటిపండు మహిమ కాదు, తోక మహిమ. ఆ లావు తోకలో కొవ్వు దాచుకుంటుంది. తిండి లేకపోతే అది కరిగించుకుంటూ నెట్టుకొస్తుంది. మొదటి రోజు ఫొటో పక్కన ఈరోజు తోక ఫొటో పెట్టండి, బ్రహ్మాండం ఎంత మిగిలిందో తెలుస్తుంది. సున్నం సంగతా? తమలపాకులో ఒక చుక్క ఎక్కువైతే మన నోరే పొక్కిపోతుంది. వేలెడంత జీవి నాలుక మీద రాస్తారా? మీరు ముందు రాసుకుని ఒక గంట ఆగి చూడండి.

కాల్షియం కావాలన్నది మాత్రం నిజం. పురుగుల్లో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. ఆ లోటుని బల్లి తన ఎముకల్లోంచి లాక్కుంటుంది. మొదట వేళ్లు వణుకుతాయి, తర్వాత కాళ్లు వంకర పోయి పొట్ట నేలకి ఈడుస్తూ నడుస్తుంది, చివరికి దవడ రబ్బరులా మెత్తబడి పురుగుని పట్టలేదు. పెట్ షాపుల్లో సరీసృపాల కోసం అమ్మే కాల్షియం పొడి ఉంటుంది, విటమిన్ డీ3 కలిపినదీ దొరుకుతుంది. మూత ఉన్న డబ్బాలో చిటికెడు వేసి, కీచురాళ్లని వదిలి ఒకసారి ఊపితే తెల్లగా బయటికొస్తాయి. అప్పుడే పెట్టెలో వదలాలి. కీచురాళ్లకి ముందురోజు మునగాకు, క్యారెట్ వేస్తే ఇంకా మంచిది. వంటింట్లో చీపురుకి దొరికిన బొద్దింక మాత్రం వద్దు, దాని మీద ఏ మందు కొట్టారో మీకే గుర్తుండదు.

‘కొనక్కర్లేదు, మహేంద్రగిరి వైపు కొండల్లో ఉచితంగా దొరుకుతుంది.’ దొరికేది ఇది కాదు. షాపుల్లో అమ్మేది తరతరాలుగా పెట్టెల్లో పుట్టి పెరిగిన రకం. మన తూర్పు కనుమల్లో తిరిగేవి దాని దాయాదులు. వాటిలో ఒకదాన్ని, ఆంధ్ర–ఒడిశాల్లో ఉండే యూబ్లెఫారిస్ పిక్టస్‌ని, వేరే జాతి అని గుర్తించిందే 2022లో. దానికి విషం లేకపోయినా కనబడితే కర్ర ఎత్తేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు, ఇప్పుడు సంచి పట్టుకుని వెళ్లేవాళ్లని మీరు తయారుచేస్తున్నారు. ఇంతకీ ఆ మూడు నెలల బల్లి ఎక్కడిది సార్, షాపుదా, కొండదా?