కస్టమ్ బ్లేడు గారికి ఒక డిఫెండరు విన్నపం

మహారాజశ్రీ కస్టమ్ బ్లేడు గారికి,

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. తమరు మా ఇంటికి వేంచేసిన దగ్గర్నుంచి ఇంట్లో తమరి క్షేమం తప్ప ఇంకో టాపిక్ లేదు కాబట్టి తమరు క్షేమమేనని నాకు తెలుసు. టేబుల్ టెన్నిస్ బ్యాట్‌లో రబ్బర్ల కింద ఉండే చెక్క తమరు, దాడికి దిగకుండా వెనక నిలబడి వచ్చిన బంతినల్లా తిప్పికొట్టే డిఫెండరుని నేను. నా కష్టసుఖాలే కాస్త చెప్పుకుందామని ఈ ఉత్తరం.

లోకంలో ఎవరైనా ఎక్కువ డబ్బు పోసేది వేగం కోసం. బైకు దగ్గర్నుంచి ఇంటర్నెట్ దాకా అంతే. టేబుల్ టెన్నిస్‌లోనూ అంతే, కార్బన్ పొర ఉన్న బ్లేడుకి రేటెక్కువ, ఉత్త చెక్కకి తక్కువ. నేను మాత్రం కార్బన్ రేటు పెట్టి నిదానం కొనుక్కున్నాను. కొరియర్ అబ్బాయి సంతకం పెట్టించుకుంటూ "ఏముంది సార్ ఇందులో?" అన్నాడు. "చెక్క" అన్నాను. ఎంతకి అని అడగలేదు, బతికించాడు. ఇంట్లో చెప్పిన రేటు వేరు. ఆ సంగతి మీకూ నాకూ మధ్యే ఉండనివ్వండి.

షాపులో రెడీగా దొరికే డిఫెన్సివ్ బ్లేడ్లు లేక మిమ్మల్ని చేయించలేదు. ఆ ఆర్డరు ఫారం చూడగానే బుద్ధి నిలవలేదు. తల పొడవెంత, వెడల్పెంత, పిడి ఏ ఆకారం, ఎన్ని పొరలు, పై పొర ఏ చెక్క, నడిమి పొర ఏ చెక్క, బరువెంత ఉండాలి! జీవితంలో నన్ను ఎవరూ ఇన్ని ఇష్టాలు అడగలేదు. మామూలు బ్లేడు తల సుమారు 157 మిల్లీమీటర్ల పొడవు, 150 వెడల్పు. మీకు 165, 157 రాయించాను. టేబుల్‌కి రెండు మూడు మీటర్లు వెనక నిలబడి, టేబుల్ అంచు కన్నా కిందకి జారిన బంతిని అందుకోవాల్సిన వాడికి ఆ కాస్త అదనపు జాగా ప్రాణాధారం. పైకి లింబా చెక్క, లోపల కిరి చెక్క, మొత్తం ఐదు పొరలు. రెండు వైపులా రెండు రకాల రబ్బర్లు, ఆట మధ్యలో వేళ్లతో బ్యాట్ తిప్పి వాటిని మార్చుకోవాలి కాబట్టి పిడి స్ట్రెయిట్.

రూల్ ప్రకారం బ్లేడు మందంలో కనీసం 85 శాతం సహజమైన చెక్క ఉండాలి. మీలో కార్బన్ గీర్బన్ ఏమీ లేదు, నూటికి నూరు చెక్కే. సైజుకీ బరువుకీ మాత్రం రూల్లో హద్దే లేదు. చదునుగా, గట్టిగా ఉంటే చాలు, చపాతీ పీటంత చేయించుకున్నా అంపైరు నోరు మూసుకోవాల్సిందే. ఈ సంగతి ఆర్డరు పెట్టాక తెలిసింది. మళ్లీసారి చూద్దాం.

85 గ్రాములు అడిగితే మీరు 91 గ్రాములతో దిగారు. పిడి అడుగున చిన్న పెన్సిల్ అంకెలతో ఆ 91 రాసి ఉంది, ఎవరో లెక్క సరిచూసి, నిట్టూర్చి రాసినట్టు. ఇదేంటండీ అని తయారీదారుకి మెసేజ్ పెడితే "చెక్క కదా సార్" అని జవాబొచ్చింది. ఇంతకన్నా తిరుగులేని జవాబు నేను వినలేదు. కృష్ణ ఒడ్డున మా విజయవాడ ఉక్కలో మీరు ఇంకో గ్రాము తాగి కూర్చున్నా నేను ఆశ్చర్యపోను.

వచ్చిన రోజునే మీ పరీక్ష మొదలైంది. రబ్బర్లు అంటించక ముందు చెక్కని వేలి కణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టుకోవాలట. గట్టి బ్లేడు సన్నగా "టక్" మంటుంది, మెత్తటిది లావు గొంతుతో "డబ్" మంటుంది. ఇప్పుడు దీనికీ ఫోన్‌లో యాప్ ఉంది, తడితే ఎన్ని హెర్ట్జో చూపిస్తుంది. హాల్లో టీవీ కట్టేయించి, ఫ్యాను ఆపించి, కుక్కర్ విజిల్ అయ్యేదాకా ఆగి, మీ గొంతు రికార్డు చేశాను. అంకె వచ్చింది. దాన్నేం చేసుకోవాలో యాప్ చెప్పలేదు.

శబ్దాన్ని నవ్వులాటగా తీసేయడానికీ లేదు లెండి. 1952లో బొంబాయిలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో హిరోజీ సటో అనే జపాన్ ఆటగాడు మందపాటి స్పాంజి అంటించిన బ్యాట్‌తో వచ్చి సింగిల్స్ టైటిల్ పట్టుకుపోయాడు. అప్పటిదాకా అందరిదీ పొట్టి పింపుల్స్, అంటే పొట్టి మొలకలున్న రబ్బరు, బంతి తగిలితే చప్పుడు వినిపించేది, ఆ చప్పుడుని బట్టి దెబ్బ ఎంత గట్టిదో పసిగట్టేవారు. సటో బ్యాట్ మూగది. మహామహులు చెవులు రిక్కించుకుని ఓడిపోయారు. మన దేశంలో జరిగిన ఘనకార్యమే, మన క్లబ్బుల్లో ఎవరూ చెప్పుకోరు.

శబ్దపరీక్ష తర్వాత అంచులకి సన్నటి గరుకు కాగితం. చూపుడు వేలు ఆనే చోట, బొటనవేలి మొదట్లో. ఆ తర్వాత పీచు లేవకుండా ఒక పూత వార్నిష్. మిమ్మల్ని నేల మీద పెట్టకూడదు, ఎండలో పెట్టకూడదు, కారు డిక్కీలో వదిలేయకూడదు. రాత్రి మెత్తని గుడ్డలో చుట్టి బీరువాలో పెడుతుంటే మా అమ్మ తొంగిచూసి, "కొత్తల్లుడికి కూడా ఇన్ని మర్యాదలు చేయలేదు కదరా" అంది. మా బావ పక్కనే కాఫీ తాగుతున్నాడు. ఆ పూట ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు.

ఇక రబ్బర్లు. ఒక వైపు నున్నటి రబ్బరు, కింద ఒకటిన్నర మిల్లీమీటర్ల స్పాంజి. రెండో వైపు స్పాంజి లేని లాంగ్ పింపుల్స్, అంటే పొడుగాటి మొలకల రబ్బరు. కాగితంలా పల్చగా ఉండే ఆ రబ్బరుని చెక్క మీద గాలిబుడగ లేకుండా అంటించడం ఒక తపస్సు. ఒక మూల అణిస్తే ఇంకో మూల లేస్తుంది. చివరికి పిడి దగ్గర కందిగింజంత బుడగ మిగిలింది. బంతి ఎప్పుడూ అక్కడ తగలదు అని నాకు నేను చెప్పుకున్నాను. బంతి అక్కడే తగులుతుంది.

అసలు గొడవ ఇక్కడే మొదలవుతుంది, కాస్త జాగ్రత్తగా వినండి. ఎటాకింగ్ బ్లేడుని పరీక్షించడానికి బంతులు అందించేవాడు ఎవడైనా చాలు. మిమ్మల్ని పరీక్షించాలంటే మాత్రం అవతల ఒకడు అలుపు లేకుండా కొడుతూ ఉండాలి. లాంగ్ పింపుల్స్‌కి సొంత స్పిన్ అంటూ పెద్దగా ఉండదు. అవతలివాడు టాప్‌స్పిన్ కొడితే, అంటే బంతి ముందుకి దొర్లేలా తిప్పి కొడితే, ఆ పొడుగాటి రబ్బరు మొలకలు వంగి, బంతి తిరిగే తిరుగుడుని మార్చకుండా వెనక్కి పంపిస్తాయి. వాడు వేసిన టాప్‌స్పిన్ వాడికే కట్ అయి, అంటే వెనక్కి తిరిగే బంతి అయి చేరుతుంది. ఎంత గట్టిగా కొడితే అంత బరువైన కట్. వాడి అప్పు వాడికే వడ్డీతో అన్నమాట. కానీ అప్పిచ్చేవాడే లేకపోతే వడ్డీ ఎక్కణ్ణించి తేను?

మా క్లబ్బులో రెండే జాతులు. మొదటిది ఇంటర్ కుర్రాళ్లు. మొదటి బంతి లూప్, అంటే బాగా టాప్‌స్పిన్ పెట్టిన దెబ్బ, రెండోది ఇంకా గట్టి లూప్, మూడోది మోకాలి కింద నుంచి లాగి స్మాష్, తిన్నగా నెట్‌లోకి. తర్వాత బ్యాట్ టేబుల్ మీద పెట్టి, "అంకుల్, మీతో ఆడుతుంటే ఆడినట్టే లేదు" అంటారు. పాయింట్ పోయింది వాడికి, సారీ చెప్పింది నేను. రెండో జాతికి ప్రతినిధి రిటైర్డ్ బ్యాంకు మేనేజరు గారు. ఆయన కొట్టరు. స్పిన్ లేని బంతిని అలా మెల్లగా టేబుల్ మధ్యలోకి తోసి, చేతులు కట్టుకున్నంత నిబ్బరంగా నిలబడతారు. ఆ బంతి మీ మొలకలకి తగిలితే దానికి ఏ తిరుగుడూ ఉండదు, గాల్లో తేలుతూ పోతుంది. ఆయన మళ్లీ తోస్తారు. నేనూ తోస్తాను. మే నెల, ఫ్యాను వేస్తే బంతి కదులుతుందని ఫ్యాన్లు కట్టేసి ఉంటాయి. చూసేవాళ్లు ఒక్కొక్కరే క్యారమ్ గదిలోకి జారుకుంటారు.

రూలు పుస్తకంలో దీనికి మందు ఉంది, ఎక్స్‌పెడైట్. గేమ్ పది నిమిషాలు దాటి, ఇద్దరి పాయింట్లు కలిపి 18 కాకపోతే అది అమల్లోకి వస్తుంది. ఇక సర్వీస్ పాయింటుకి ఒకసారి మారుతుంది, సర్వీస్ తీసుకునేవాడు 13 బంతులు తిప్పికొడితే పాయింట్ వాడిదే. అంటే కొట్టి చావు అని సర్వీస్ చేసేవాడికి చట్టం చెప్పడం. మా క్లబ్బులో ఈ రూల్‌ని వాచ్‌మన్ అమలు చేస్తాడు, లైట్లు ఆర్పేసి.

మన డిఫెండర్ల మీద పెట్టిన చట్టాల జాబితా ఒకసారి చూడండి. 1936లో ప్రేగ్‌లో పోలెండ్ ఎర్లిచ్, రుమేనియా పనేత్ ఆడిన మ్యాచ్‌లో మొదటి పాయింటే రెండు గంటలకు పైగా సాగింది. పెద్దలకి చిర్రెత్తి నెట్‌ని ఆరు ముప్పావు అంగుళాల నుంచి ఆరు అంగుళాలకి దించేశారు, కొట్టేవాడికి వీలుగా. 1999లో పింపుల్స్ ఎంత పొడుగు ఉండొచ్చో బిగించారు. 2000లో బంతిని 38 నుంచి 40 మిల్లీమీటర్లకి పెంచారు. 2008లో జారుడు పింపుల్స్‌ని మొత్తంగా నిషేధించారు. 2014లో సెల్యులాయిడ్ పోయి ప్లాస్టిక్ బంతి వచ్చింది, స్పిన్ తగ్గిందని ప్రపంచంలోని డిఫెండర్లందరూ ఒకే రాగంలో ఏడ్చారు. మా వీధిలో ఆక్రమణల మీద కూడా మున్సిపాలిటీ ఇంత శ్రద్ధ పెట్టలేదు.

అయినా వంశం నిర్వంశం కాలేదు. 2003లో పారిస్‌లో దక్షిణ కొరియా జూ సే-హ్యూక్ చాప్ చేసుకుంటూ, అంటే వెనక నుంచి బంతిని కోసి పంపుతూ, ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ దాకా వెళ్లి ఆస్ట్రియా ష్లాగర్ చేతిలో ఓడాడు. 2016 రియో ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియా కిమ్ సాంగ్-ఇ కంచు పతకం పట్టుకెళ్లింది. మన ఐహికా ముఖర్జీది వేరే బాణీ. వెనక్కి వెళ్లి చాప్ చేయదు, టేబుల్‌కి అతుక్కుని బ్యాక్‌హ్యాండ్ వైపు స్పిన్ పట్టని యాంటీ స్పిన్ రబ్బరుతో ఆడుతుంది. 2024లో బుసాన్‌లో అప్పటి ప్రపంచ నంబర్ వన్, చైనా సున్ యింగ్‌షాని అలాగే పడగొట్టింది. మర్నాడు క్లబ్బుకి మిమ్మల్ని గర్వంగా పట్టుకెళ్తే కుర్రాళ్లు ఆమె గురించి మాట్లాడుకుంటున్నారు. "అంకుల్, మీదీ అదేనా?" అన్నారు. "ఇంచుమించు" అన్నాను. ఏ ఇంచుమించూ కాదు.

తమరి మీద నాకున్న అసలు ఫిర్యాదు జూ సే-హ్యూక్ వల్లే వచ్చింది. ఆయన వెనక్కి చాప్ చేస్తూ చేస్తూ ఒక్కసారిగా ముందుకి దూకి ఫోర్‌హ్యాండ్ పేల్చేవాడు. దాన్ని మోడరన్ డిఫెన్స్ అంటారు. అందుకే ఆర్డరులో "చాప్‌కి నెమ్మది, ఎటాక్‌కి స్పీడు" అని రాయించాను. తయారీదారు మర్యాదస్తుడు, నవ్వు బొమ్మ పెట్టలేదు. మీరు మాత్రం మొదటి సగమే చదువుకున్నారు. వెనక నుంచి కోసిన బంతి నెట్ మీదుగా పాకి అవతల పడుతుంది, నిజం, ఆ ఘనత మీదే. ఒకరోజు వేరే ఊరి నుంచి వచ్చిన కుర్రాడు ఒకడు ఓపిగ్గా లూప్ మీద లూప్ వేశాడు. ఒక్కో బంతికీ నా మోకాలు నేలకి దగ్గరవుతోంది, బంతి మీద అచ్చు వేసిన నీలం ముద్ర గిర్రున ఉంగరంలా తిరుగుతూ వెళ్తోంది, అరచేతిలో చిన్న అదురు తప్ప ఏమీ లేదు. అది మీ గొప్పే. తర్వాత వాడు తేలిగ్గా ఒక బంతి వదిలాడు. నేను దూకి, ఊపిరంతా పెట్టి పేల్చాను. బంతి నెట్ అడుగు భాగానికి తగిలి నా వైపే దొర్లుకుంటూ వచ్చింది. పెళ్లికి సాయం చేస్తానని ఊరేగింపులో కనిపించకుండా పోయే బంధువుల్లో మీరొకరని ఆ క్షణాన అనుకున్నాను.

మీ జాతి పెట్టెల మీద వేసే అంకెల సంగతీ తేలాలి. స్పీడు ఇంత, కంట్రోలు ఇంత. ఏ కంపెనీ కొలబద్ద ఆ కంపెనీదే, ఒకరి 60 ఇంకొకరి 60 కాదు. కంట్రోలు మాత్రం అందరిదీ తొంభై దగ్గరే. ఇన్ని తొంభైలు అమ్ముడుపోయిన దేశంలో నా క్లబ్బులో బంతి బీరువా కింద నుంచి తీయని ఆదివారం ఎందుకు లేదో?

మొన్న ఆ బ్యాంకు మేనేజరు గారు మిమ్మల్ని అడిగి తీసుకున్నారు. "ఏదీ, ఒకసారి చూద్దాం, స్పెషల్‌గా చేయించావట కదా." నా పాత బ్యాట్ నా చేతికిచ్చారు. ఒక గేమ్ ఆడాం. తోశారు, తోశాను, తోశారు. 11–6, ఆయనకి. చెమట తుడుచుకుంటూ మిమ్మల్ని అటూ ఇటూ తిప్పి, కళ్లజోడు పైకెత్తి పిడి అడుగున ఉన్న పెన్సిల్ అంకె చదివి, మర్యాదగా వెనక్కిచ్చారు.

"బాగానే ఉంది కానీ బాబూ, మరీ స్పీడండీ ఇది."

ఆ రాత్రే తయారీదారుకి మెసేజ్ పెట్టాను, ఇంతకన్నా నెమ్మదైనది దొరుకుతుందా అని. ఈసారి తల 170 రాయించాను. మీరు బీరువాలో కాస్త పక్కకి జరగాల్సి ఉంటుంది.

ఇట్లు,
మీ ఖర్చు భరించిన డిఫెండరు,
విజయవాడ