బాబాయి డజను గుడ్లు

మా బాబాయి తహసీల్దారుగా రిటైరయ్యారు. ఆయన కోళ్ల పిచ్చి మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది. తణుకు చుట్టుపక్కల ఫారాల్లో లక్షల కోళ్లు గుడ్లు పెడుతుంటే, ఆయన కన్ను మాత్రం డల్లాస్‌లో వాళ్లబ్బాయి పక్కింటి పెరట్లో తిరిగే కోడి మీద పడింది. వీడియో కాల్‌లో చూశారు. కాళ్ల వేళ్ల దాకా ఈకలు, నడకలో జమీందారీ దర్జా. పేరు బ్రహ్మ అట.

"పేరే బ్రహ్మ. ఇంకెవరిదిరా, మనదే! ఎవడో పట్టుకుపోయుంటాడు" అన్నారు.

షాంఘై నుంచి 1840ల్లో అమెరికా చేరిన కోళ్ల సంతతి ఇది, బ్రహ్మపుత్ర పేరు తర్వాత తగిలించారు, అదే బ్రహ్మగా కురచైంది అని చెప్పి చూశాను. 1852లో ఒక అమెరికన్ వ్యాపారి విక్టోరియా రాణికి ఈ కోళ్లు కానుకగా పంపి, ఆ పేరు చెప్పుకుని రేట్లు పెంచేశాడని కూడా చెప్పాను. అది చెప్పకుండా ఉండాల్సింది. "రాణీగారు పెంచిన జాతా! అయితే డజను గుడ్లు తెప్పించాల్సిందే."

సంక్రాంతికి వచ్చేటప్పుడు స్వెటర్లో చుట్టి తెస్తానన్నాడు కొడుకు. బాబాయి మండిపడ్డారు. ముప్ఫై ఏళ్లు దొంగ రిజిస్ట్రేషన్లు పట్టుకున్న ఇంట్లోకి దొంగ గుడ్లా? అంతా చట్టప్రకారం జరగాలి. అట్ట ఫైలు తీశారు, ట్యాగు కట్టారు, నన్ను గుమాస్తాగా వేసుకున్నారు.

పశువుల దిగుమతికి చట్టం ఉంది, 1898 నాటిది. దాని ప్రకారం గుడ్లు అక్కడ బయల్దేరకముందే దిల్లీలో పశుసంవర్ధక శాఖ నుంచి శానిటరీ ఇంపోర్ట్ పర్మిట్ తెచ్చుకోవాలి. పొదిగే గుడ్లకి విదేశీ వాణిజ్యం చూసే డీజీఎఫ్‌టీ లైసెన్స్ వేరే. దిగడం కూడా ఎక్కడ పడితే అక్కడ కుదరదు, హైదరాబాద్, చెన్నై లాంటి జంతు క్వారంటైన్ కేంద్రం ఉన్నచోటే దిగాలి. తల్లికోడికి, తండ్రికోడికి జబ్బుల్లేవని అక్కడి ప్రభుత్వ పశువైద్యుడు రాసివ్వాలి. ఇదంతా కంపెనీలు వేలల్లో కోడిపిల్లలని తెప్పించుకోవడానికి పెట్టిన పద్ధతి. బాబాయి గుడ్లు పన్నెండు. డల్లాస్ పక్కింటాయన "గుడ్లు ఊరికే ఇస్తాను గానీ సర్టిఫికెట్లు నావల్ల కాదు" అని దణ్ణం పెట్టేశాడు. పైగా అమెరికాలో 2022 నుంచి బర్డ్ ఫ్లూ.

ఈ బర్డ్ ఫ్లూ గొడవ ఎంత దూరం పోయిందో కూడా చెప్పాను. 2007లో మనవాళ్లు ఆ భయంతోనే అమెరికా కోడిమాంసం, గుడ్లు ఆపేస్తే, వాళ్లు 2012లో జెనీవాలోని ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కారు. 2015లో అప్పీల్లోనూ మనమే ఓడాం. బాబాయి కళ్లు మెరిశాయి. "గుడ్డు కోసం జెనీవా దాకా అప్పీలా!" ఆర్డర్ కాపీ ఫైల్లో పెట్టమన్నారు.

పర్మిట్ వచ్చేలోగా ట్రయల్ అని ఆన్‌లైన్లో ఇంక్యుబేటర్ తెప్పించి, మన నాటుకోడి గుడ్లే పెట్టారు. ఇక ఇల్లే క్వారంటైన్ కేంద్రమైంది. గది గుమ్మంలో బేసిన్, అందులో పర్మాంగనేటు నీళ్లు. పాదాలు ముంచకుండా ఎవరూ లోపలికి రాకూడదు. పిన్ని కాఫీ పట్టుకుని గుమ్మం అవతలే నిలబడి, "దీనికి హెల్త్ సర్టిఫికెట్ లేదు, వెనక్కి పట్టుకుపోనా?" అంది. వారం దాటాక, రాత్రిపూట లైట్లార్పి గుడ్డు వెనక సెల్‌ఫోన్ టార్చి పెట్టి చూపించారు. ఎర్రటి వెలుగులో సన్నటి నరాలు, మధ్యలో కదిలే నల్లటి చుక్క. పిన్ని కూడా కాసేపు నోరెత్తలేదు.

ఆ తర్వాత ఒక రాత్రి కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఫ్రిజ్‌కి ఉంది, ఫ్యాన్లకి ఉంది, ఆ గదికి లేదు. 37.5 డిగ్రీలు ఉండాల్సింది 31కి జారింది. బాబాయి వేడినీళ్ల సీసాలంటారు, దుప్పట్లంటారు, లైన్‌మన్‌కి ఫోనంటారు. పిన్ని ఏ బేసిన్లోనూ కాలు పెట్టకుండా లోపలికెళ్లి, గుడ్లన్నీ కొంగులో పోసుకుని, పెరట్లో గంప కింద ఉత్తినే పొదుగు మీద కూర్చున్న ఎర్రకోడి కిందకి తోసి వచ్చి పడుకుంది. పర్యవేక్షణకి వెళ్లిన బాబాయి చేతిని అది రెండుసార్లు పొడిచింది. 21 రోజులు నిండాక ఒక్కటి మురిగింది, మిగతావన్నీ పిల్లలయ్యాయి.

బ్రహ్మ గుడ్ల ఆశ తీరని బాబాయికి ఓదార్పుగా ఉంటుందని ఇంకో సంగతి చెప్పాను. మన పందెంకోడి అసీల్ జాతి 19వ శతాబ్దంలో ఇంగ్లండ్ వెళ్లి అక్కడి కోళ్లతో కలిస్తే కార్నిష్ జాతి వచ్చింది, ఇవాళ మనం తినే బ్రాయిలర్ కోడిలో ఉన్నది దాని రక్తమే అన్నాను. బాబాయి ముక్క కొరకబోతూ ఆగి, "అంటే మనవాడేనా!" అన్నారు. చెయ్యి కడుక్కొచ్చి కొత్త ఫైలు తీశారు. పైన "ఎగుమతి" అని రాసుంది.

"ఒరేయ్, మన అసీల్‌ని అమెరికా పంపాలంటే ఏ ఫారం పెట్టాలో కనుక్కో."

"అసలు రానిస్తే కదా బాబాయ్. రానిచ్చినా అక్కడ 30 రోజులు క్వారంటైన్."

లోపల్నుంచి పిన్ని, "కోడితో పాటు మీ బాబాయినీ ఆ 30 రోజులూ ఉంచుకుంటారేమో అదీ కనుక్కో నాన్నా!"