పంట దిగుబడిలో ఖర్చు లెక్క ఎవరూ ఎందుకు చెప్పరు?

"మొక్కలు పగలు ఆహారం తయారుచేస్తాయి, రాత్రి శ్వాసిస్తాయి." ఈ వాక్యం ఇంకా ఎంతమంది పిల్లలకి చెబుతారో అని బాధేస్తుంది. మొక్క 24 గంటలూ శ్వాసిస్తుంది. ఆకు, కాండం, పువ్వు, గింజ, మట్టిలో కనపడని వేరు, అన్నీ. పగలు ఆకులో తయారీ ఎక్కువ కాబట్టి ఆ శ్వాస మనకి తెలియదు, అంతే.

ఇది పరీక్షలో ఒక మార్కు సంగతైతే నేను ఇంత రాసేదాన్ని కాదు. దిగుబడి గురించి ఎక్కడ చూసినా ఎండ, నీళ్ళు, ఎరువు, అంటే మొక్కకి వచ్చేదాని మాటలే. పోయేదాని ఊసే ఉండదు. పంట మొక్క తయారుచేసుకున్న చక్కెరలో దాదాపు సగం దాని శ్వాసక్రియకే, అంటే చక్కెరని ఖర్చుపెట్టి శక్తి తీసుకోవడానికే పోతుంది, మిగిలినదాంట్లోంచే వేర్లు, ఆకులు, చివరికి మన గింజ.

నమ్మకం కలగకపోతే మండె కట్టిన (నానబెట్టి మొలకకి కప్పి ఉంచిన) వరి విత్తనాల బస్తాలో చెయ్యి పెట్టి చూడండి. నేను మొదటిసారి పెట్టినప్పుడు ఉలిక్కిపడ్డాను, జ్వరం వచ్చిన ఒంటిలా వెచ్చగా ఉంది. ఆ వేడి బయటినుంచి వచ్చింది కాదు, మొలకెత్తుతున్న గింజ తన పిండిని ఖర్చుపెట్టి శక్తి తీసుకుంటుంటే పుట్టింది.

అలాగని శ్వాస అంతా దండగ అనుకోకండి. అందులో ఒక భాగం కొత్త ఆకు, కొత్త గింజ కట్టుకోవడానికి పోతుంది, అది లేకపోతే పంటే లేదు. రెండో భాగం ఉన్నదాన్ని నిలబెట్టుకోవడానికి: పాతబడిన ప్రోటీన్లు మళ్ళీ తయారుచేసుకోవడం, కణాల్లో లవణాలు సరిగ్గా ఉంచుకోవడం, ఉప్పు నేలైతే సోడియాన్ని బయటికి నెడుతూ ఉండటం. ఈ రెండో ఖర్చు వేడితో పెరుగుతుంది. మామూలు ఉష్ణోగ్రతల్లో 10 డిగ్రీలు పెరిగితే శ్వాస వేగం సుమారు రెట్టింపవుతుంది (అదే వేడిలో చాలా రోజులుంటే మొక్క కొంత సర్దుకుంటుంది, అది వేరే సంగతి). పగలైతే సంపాదన కూడా ఉంటుంది, రాత్రి ఖర్చు తప్ప ఏమీ లేదు!

అందుకే గింజ పాలు పోసుకునే రోజుల్లో రాత్రిళ్ళు ఉక్కపోస్తే నాకు టెన్షన్. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ పొలాల లెక్కలతో 2004లో ఒక అధ్యయనం వచ్చింది. పొడి కాలపు పంటలో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత 1 డిగ్రీ పెరిగినప్పుడల్లా వరి దిగుబడి సుమారు 10 శాతం పడిపోయింది, పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత ప్రభావం మాత్రం చెప్పుకోదగ్గంత లేదు. కారణం శ్వాస ఒక్కటే అని నేను అనను, వేడి రాత్రులకి పుప్పొడి దెబ్బతిని తాలు గింజలు కూడా పెరుగుతాయి. అయినా వాతావరణ వార్తల్లో పగటి ఎండకి అంత హడావిడి చేసి రాత్రి అంకెని ఒక్క ముక్కలో దాటేయడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

వేరుశనగ దిగుబడిని మొక్కజొన్నతో పోల్చి తక్కువ అనేవాళ్ళకి కూడా ఒక మాట. కిలో గ్లూకోజుతో మొక్క 800 గ్రాముల పైచిలుకు పిండిపదార్థం కట్టగలదు, అదే నూనె అయితే 330 గ్రాముల దగ్గరే ఆగిపోతుంది. పైగా వేరుశనగ తన వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియాకి కూడా చక్కెర పెట్టాలి, గాలిలోని నత్రజనిని పట్టడం చాలా ఖరీదైన పని.

ఇక నన్ను అన్నిటికంటే బాధపెట్టేది నీళ్ళు నిలిచిన చేను. వరి వేరుకి కాండంలోని గాలి గదులగుండా ఆక్సిజన్ దిగుతుంది కాబట్టి తట్టుకుంటుంది. మొక్కజొన్నకి ఆ సౌకర్యం అంతగా లేదు. గాలి ఆడితే ఒక గ్లూకోజు అణువు నుంచి సుమారు 30 ఏటీపీలు (కణం ఖర్చుపెట్టుకునే శక్తి అణువులు) తీసుకునే వేరు, గాలి ఆడకపోతే రెండింటితో సరిపెట్టుకోవాలి. ఆ శక్తితో అది నత్రజనిని లోపలికి ఎలా లాగుతుంది? ఆకులు పసుపెక్కుతాయి, అది చూసి యూరియా చల్లేస్తారు. ఆకలితో ఉన్నవాడి చేతులు కట్టేసి విస్తట్లో ఇంకా ఇంకా వడ్డించినట్టు. ఒక్క మొక్క పీకి చూడండి, వేర్లు గోధుమరంగులో మెత్తబడి మురుగు వాసన వస్తుంటే ముందు కాలువ తీసి నీళ్ళు పోనివ్వండి, నేల ఆరాక పైపైన గుల్ల చెయ్యండి. కొత్త తెల్ల వేర్లు కనపడ్డాకే యూరియా సంగతి.