గ్రంథాలయ పన్ను కడుతున్నాం, బీరువా తాళం ఎక్కడ?

మా ఊరి లైబ్రరీకి శుక్రవారం సెలవు. చిన్నప్పుడు ఆ ఒక్క రోజు గడవడం నాకు చాలా కష్టంగా ఉండేది. మిగతా రోజుల్లో బడి వదలగానే సంచీ ఇంట్లో పడేసి పరుగెత్తేవాణ్ని. అప్పటికే దినపత్రికను నలుగురు నాలుగు ముక్కలు చేసుకుని చదువుతుండేవారు. సినిమా పేజీ ఖాళీ అయ్యేదాకా వాళ్ల వెనకాల నిలబడేవాణ్ని. ఒకరోజు లైబ్రేరియన్ గారు నన్ను పిలిచి, అద్దాల బీరువా తాళం తీసి, "నీకేం కావాలో నువ్వే చూసుకో" అన్నారు. అప్పటిదాకా ఎవరూ నన్ను అలా అడగలేదు. బడిలో చదవమన్నది చదివాను, ఇంట్లో కొన్న చొక్కా తొడుక్కున్నాను. నాకేం కావాలో నేను చూసుకోవడం ఆ బీరువా ముందే మొదలైంది. అప్పటి నుంచి ఏ ఊరు వెళ్లినా లైబ్రరీ ఎక్కడుందో అడగడం నాకు అలవాటు.

అందుకే "ఇప్పుడెవరు చదువుతున్నారండీ" అన్న మాట వింటే ఒప్పుకోబుద్ధి కాదు. హైదరాబాద్ చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి చూడండి. పోటీ పరీక్షల టెన్షన్‌తో వందల మంది పిల్లలు తమ పుస్తకాలు తామే తెచ్చుకుని కూర్చుంటారు. లైబ్రరీ స్టడీ హాల్ అయిపోయిందని కొందరు బాధపడతారు. నాకు అందులో తప్పేమీ కనిపించదు. ఒక్క గదిలో నలుగురు సర్దుకుని ఉండే పిల్లలకు ఊళ్లో నిశ్శబ్దం దొరికే చోటు మరొకటి లేదు. వాళ్లు మన గుమ్మం దాకా వచ్చారు. లోపల వాళ్ల కోసం ఏం కొని పెట్టాం అన్నదే నా బాధ.

ఒకప్పుడు మన దగ్గర పుస్తకమే మనిషిని వెతుక్కుంటూ వెళ్లింది. నిజాం పాలనలో తెలుగుకు ఆదరణ లేని రోజుల్లో, 1901లో, కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు వంటివారు హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పెట్టారు. 1914లో అయ్యంకి వెంకట రమణయ్య పూనికతో బెజవాడలో గ్రంథాలయ సంఘం ఏర్పడింది. వేటపాలెంలోని సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో మొదలైంది. దాని భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. పాత పత్రికల కోసం పరిశోధకులు ఇప్పటికీ ఆ చిన్న ఊరికి వెళ్తారు.

వీటన్నిటిలో నా మనసు పట్టుకుని వదలనిది బోటు గ్రంథాలయం. కృష్ణా డెల్టాలో అప్పట్లో కాలువలే రోడ్లు. పడవెక్కితే గంటల తరబడి ప్రయాణం. ఆ సమయం వృథాగా పోతోందని పాతూరి నాగభూషణం గారికి అనిపించింది. 1935లో పెదపాలెం కేంద్రంగా పడవల్లో ప్రయాణికులకు పుస్తకాలు, పత్రికలు అందించే ఏర్పాటు చేశారు. జనం ఎక్కడ ఖాళీగా కూర్చుంటున్నారో గమనించి పుస్తకాన్ని అక్కడికే చేర్చిన మనిషి ఆయన. నేటి బస్టాండ్లనూ ఆసుపత్రి వరండాలనూ ఆ కంటితో చూస్తే ఎంత పని కనిపిస్తుందో!

ఆ గ్రంథాలయ ఉద్యమం చేసిన పనిని తర్వాత చట్టం తన చేతుల్లోకి తీసుకుంది. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ కృషితో మద్రాసు రాష్ట్రంలో 1948లో, హైదరాబాద్ రాష్ట్రంలో 1955లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 1960లో గ్రంథాలయ చట్టాలు వచ్చాయి. జిల్లా గ్రంథాలయ సంస్థలు నడవడానికి ఇంటి పన్ను మీద సెస్సు, అంటే అదనపు పన్ను పెట్టారు. ఇప్పుడది రూపాయికి 8 పైసలు. అంటే లైబ్రరీ మనకు ఎవరో దయతో ఇచ్చింది కాదు, ఇంటి పన్ను కట్టే ప్రతి ఒక్కరూ దానికి డబ్బు ఇస్తున్నారు. ఆ సెస్సును వసూలు చేసేది పంచాయతీలు, మున్సిపాలిటీలు. అది గ్రంథాలయ సంస్థకు సకాలంలో చేరక బకాయిలు పేరుకుపోవడం రెండు రాష్ట్రాల్లోనూ పాత జబ్బే. డబ్బు చాలనప్పుడు కరెంటు బిల్లు ఆపలేరు, అద్దె ఆపలేరు. ఆగిపోయేది కొత్త పుస్తకాలే. ఇప్పుడు ఇంటి పన్ను ఫోన్‌లో కడుతున్నాం. కట్టిన క్షణంలోనే ఆ 8 పైసలు విడిపోయి నేరుగా గ్రంథాలయ సంస్థ ఖాతాలో పడేలా చేయడం ఏమంత కష్టం? ఏ పుస్తకాలు కొనాలో పాఠకుల్ని కూడా అడగాలి. ప్రతి లైబ్రరీలో ఒక నోటుబుక్కు పెడితే చాలు, పిల్లలే రాస్తారు.

ఈ మధ్య మా ఊరు వెళ్లినప్పుడు లైబ్రరీకి వెళ్లాను. బల్ల అదే, బీరువా అదే. గ్రూప్-2కు చదువుకుంటున్న ఒక కుర్రాడు తప్ప ఎవరూ లేరు. బీరువాకు తాళం వేసి ఉంది. అద్దంలోంచి చూస్తే, ఎనిమిదో తరగతిలో నేను రెండుసార్లు ఇంటికి తెచ్చుకున్న నవల కనిపించింది. నేను అక్కడే నిలబడిపోవడం చూసి ఆ కుర్రాడు లేచి వచ్చాడు.

"బాగుంటుందా అంకుల్ అది?" అన్నాడు.

కథ మొదలుపెట్టాను. సగానికి వచ్చాక ఆపేసి, మిగతాది చదువుకోమన్నాను. తాళం ఎవరి దగ్గరుందని అడిగితే, ఇన్‌ఛార్జి గారు మూడు ఊళ్లు చూస్తారని, మళ్లీ ఎల్లుండి సాయంత్రం వస్తారని చెప్పాడు. నా బస్సు మర్నాడు పొద్దున్నే. మిగతా సగం కూడా అక్కడే కూర్చుని చెప్పేసి వచ్చాను.