తెడ్డుమూతి ఉల్లంకి కోసం థాయ్‌లాండ్ వెళ్తున్నారా? ముందు పోటు టైము చూసుకోండి

పక్షుల కోసం థాయ్‌లాండ్ వెళ్లే మనవాళ్ల ప్లాన్లు దాదాపు అన్నీ ఒకేలా ఉంటున్నాయి. బ్యాంకాక్‌లో దిగడం, మర్నాడు తెల్లవారకముందే కారెక్కడం, ఏడింటికల్లా పాక్ థలే ఉప్పుమడుల దగ్గర వాలడం, తెడ్డుమూతి ఉల్లంకిని, అంటే స్పూన్‌బిల్డ్ శాండ్‌పైపర్‌ని, ఫొటో తీసుకోవడం, పదకొండింటికి కేంగ్ క్రచాన్ అడవి దారి పట్టడం. ఆ నాలుగు గంటల్లో పిట్ట కనపడితే ట్రిప్పు సక్సెస్. కనపడకపోతే గైడ్ మంచోడు కాదు. ఈ పద్ధతే తప్పని నా గట్టి అభిప్రాయం. అక్కడికి ఏడింటికి వెళ్లాలా, మధ్యాహ్నం రెండింటికి వెళ్లాలా అన్నది హోటలూ డ్రైవరూ తేల్చే సంగతి కాదు. సముద్రం తేలుస్తుంది.

పాక్ థలే బ్యాంకాక్‌కి నైరుతిగా, ఫెచ్చబురి ప్రావిన్సు తీరంలో ఉంది. కారులో రెండు గంటల పైచిలుకు. ఒకవైపు గల్ఫ్ ఆఫ్ థాయ్‌లాండ్ బురద తీరం, దాన్ని ఆనుకుని మైళ్ల కొద్దీ ఉప్పుమడులు. ఆటు సమయంలో నీళ్లు వెనక్కి పోయి బురద తేలుతుంది. వేల పక్షులు ఆ బురద మీదకి మేతకి పోతాయి, ట్రైపాడ్ మీద పెట్టి చూసే దూరదర్శిని, స్కోపుకి కూడా ఆనవు. పోటొచ్చి బురద మునిగిపోగానే నిలబడటానికి చోటు లేక గుంపులు గుంపులుగా ఉప్పుమడుల్లోకి వస్తాయి. చూడాల్సింది అప్పుడు. పోటు నిండే సమయానికి రెండు గంటల ముందే వెళ్లి కూర్చుని, తర్వాత రెండు గంటలు ఉండాలి. చిన్న పిట్టలు కొన్ని ఆటులోనూ మడుల్లోనే మేస్తుంటాయి కాబట్టి వేళకాని వేళ వెళ్లినవాళ్లకి కూడా ఒక్కోసారి అదృష్టం కలిసొస్తుంది. అదృష్టాన్ని నమ్ముకుని విమానం టికెట్టు కొనొద్దు.

పోటు లెక్క విషయంలో మనవాళ్లు పడే పొరపాటు ఒకటుంది. మన కోస్తాలో రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు, రెండూ ఇంచుమించు సమానం. అమావాస్యకీ పౌర్ణమికీ పెద్ద పోటు వస్తుందని మన జాలరి ఇళ్లల్లో చిన్నపిల్లలకీ తెలుసు. గల్ఫ్ ఆఫ్ థాయ్‌లాండ్ పైభాగంలో అలా కాదు. అక్కడివి మిశ్రమ పోట్లు. రోజులో రెండు పోట్లున్నా ఒకటి పెద్దది, ఇంకొకటి చిన్నది. కొన్ని రోజుల్లో చిన్నదాన్ని లెక్కలోకి తీసుకోవాల్సిన పనే ఉండదు. అందుకని క్యాలెండరులో చంద్రుణ్ణి చూసి బయల్దేరితే మోసపోతారు. థాయ్ నౌకాదళం హైడ్రోగ్రాఫిక్ విభాగం ఏటా పోటు పట్టికలు వేస్తుంది. అందులో మీరు వెళ్లే వారానికి గంటలతో పాటు ఎత్తులు కూడా రాసుకోండి. పగటిపూట పెద్ద పోటు వచ్చే రోజులు ఏవో చూసి, టికెట్లు వాటికి తగ్గట్టు బుక్ చేసుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మార్చి చివర్లో పక్షులు ఉత్తరానికి కదలడం మొదలవుతుంది.

ఇక అసలు పిట్ట. 14 నుంచి 16 సెంటీమీటర్ల పొడవు, 30 గ్రాముల చుట్టూ బరువు. రష్యా ఈశాన్య కొసన చుకోత్కా, కమ్చాత్కా తీరాల్లో గూడు కడుతుంది. చలికాలానికి దాదాపు 8,000 కిలోమీటర్లు ఎగిరి మయన్మార్, బంగ్లాదేశ్, థాయ్‌లాండ్ తీరాలకి వస్తుంది. ప్రపంచం మొత్తం మీద వెయ్యికి లోపే మిగిలాయి. పాక్ థలే చుట్టుపక్కల ఒక చలికాలంలో ఉండేవి చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. ఈ పిట్టకి 1758లో లిన్నేయస్ పేరు పెట్టినప్పుడు ముక్కు చూసి దీన్ని తెడ్డుమూతి కొంగల ప్రజాతిలోనే చేర్చాడు. అంత విచిత్రమైన ముక్కు. ఆ ముక్కునే నమ్ముకుని వెతకడం వల్లే సగం మంది దీన్ని పోగొట్టుకుంటున్నారు.

పక్క నుంచి చూస్తే ఆ తెడ్డు కనపడదు. చివర కొంచెం మందంగా ఉన్న మామూలు నల్ల ముక్కులాగే ఉంటుంది. పిట్ట మీవైపు తిరిగినప్పుడో, తల వంచినప్పుడు పైనుంచో మాత్రమే రేకలా వెడల్పుగా విచ్చుకున్న కొస తెలుస్తుంది. అది కూడా మంచి వెలుతురులో. ఇంకో గొడవేమిటంటే, దాని చుట్టూ వందల్లో తిరిగే రెడ్‌నెక్డ్ స్టింట్ అనే పిట్ట కూడా ఇంచుమించు అదే సైజు. అది బురదలో పొడిచి పైకి లేచినప్పుడు ముక్కు కొసకి బురద ముద్ద అంటుకుంటుంది. దూరం నుంచి చూస్తే అచ్చం తెడ్డే. "దొరికింది" అని అరిచి పదిమందిని పరిగెత్తించే పిట్టల్లో చాలా వరకు ఇవే. ఒక్క నిమిషం ఓపిక పడితే అది నీళ్లలో ముక్కు కడుక్కుంటుంది, తెడ్డు మాయమవుతుంది.

కాబట్టి ముక్కు కన్నా ముందు నడత చూడాలి. స్టింట్ కుట్టుమిషను సూదిలాగా టకటకా పొడుస్తుంది, నాలుగడుగులేస్తుంది, మళ్లీ పొడుస్తుంది. తెడ్డుమూతిది అలా కాదు. పలచటి నీళ్లలో తల వంచి, ముక్కు నీళ్లలోంచి తియ్యకుండా అటూ ఇటూ ఆడిస్తూ, ముందుకి తోసుకుంటూ పోతుంది. చీపురుతో ఊడ్చినట్టు ఉంటుంది ఆ కదలిక. ఒక్కోచోట ఆగి అక్కడే గట్టిగా తవ్వుతుంది. చలికాలపు ఈకల్లో స్టింట్ కంటే తెల్లగా కనిపిస్తుంది, ముఖ్యంగా నుదురూ రొమ్మూ. తల కొంచెం పెద్దది, మెడ లేనట్టు ఉంటుంది. గుంపులో "ఇదేంటి, ఇంత తెల్లగా ఉంది, తల ఎత్తడం లేదు" అనిపించిన పిట్ట మీద స్కోపు ఆపి, అది మీవైపు తిరిగేదాకా కన్ను తియ్యకండి.

మూడొందల స్టింట్ల గుంపుని ఊరికే అటూ ఇటూ తిప్పి చూస్తే ఏమీ దొరకదు. స్కోపుని 25 రెట్ల మీద పెట్టి, ఎడమ చివర నుంచి మొదలుపెట్టి, చూపులో పట్టే ఇరవై పిట్టల్ని ఒక్కొక్కటీ చూసి, తర్వాతి ఇరవైకి జరగాలి. నిద్రపోతున్నవాటిని వదిలేయండి, రెండో విడతలో లేస్తాయి. అనుమానం వచ్చినదాని మీద మాత్రమే 40కి పెంచండి. మొదటి నుంచీ 60 మీద పెట్టుకుని వెతికేవాళ్లకి చూపులో ఐదు పిట్టలే ఉంటాయి. పైగా పది దాటాక ఉప్పుమడుల మీద ఎండ సెగ లేచి బొమ్మంతా నీళ్లలో ఊగినట్టు ఊగుతుంది. స్కోపు పాడైందనుకుంటారు. స్కోపు తప్పేం లేదు, వేడిగాలి అది. రెట్లు తగ్గించడం, దగ్గరి మడులకి మారడం తప్ప మందు లేదు. 65 నుంచి 85 మిల్లీమీటర్ల అద్దం, 20–60 జూమ్ ఉన్న స్కోపు సరిపోతుంది. ట్రైపాడ్ కాళ్లు పూర్తిగా లాగకుండా, నడుము ఎత్తులోనే పెట్టి కూర్చుని చూడండి. ఆ తీరంలో గాలి ఆగదు, పొడుగు ట్రైపాడ్ వణుకుతుంది.

ఏ మడిలో వెతకాలి? చినగంజాంలోనో నౌపడలోనో ఉప్పు కొఠార్లు చూసినవాళ్లకి ఇది సులువు. వరస అక్కడా ఇదే. సముద్రం నీళ్లు మొదట పెద్ద మడుల్లోకి వస్తాయి, అక్కణ్ణించి ఒక్కో మడీ దాటుతూ చిక్కబడతాయి, చివరి చిన్న మడుల్లో ఉప్పు పండుతుంది. చివరి మడుల్లో తిండి ఉండదు, పిట్టా ఉండదు. తెల్లగా మెరిసే ఆ మడుల దగ్గర కారు ఆపి ఫొటోలు తీసుకుంటూ పోటు టైమంతా పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు. మొదటి, మధ్య మడుల్లో, బురద అక్కడక్కడా పైకి తేలి, నీళ్లు రెండు మూడు సెంటీమీటర్ల లోతు ఉన్నచోట చూడండి. స్టింట్ కాలే అంత పొడుగు. నీళ్లు అంతకు మించితే చిన్న పిట్టలు దిగవు, పొడుగుకాళ్ల స్టిల్టులూ గాడ్విట్లే ఉంటాయి. ఇవాళ పిట్టలున్న మడిలోకి రేపు ఉప్పు రైతు నీళ్లు వదలొచ్చు. అందుకే నిన్న ఎవరికో కనపడ్డ చోటు పట్టుకుని అక్కడే వేలాడకుండా, చుట్టుపక్కల నీళ్ల లోతు చూసుకుంటూ తిరగండి.

వెలుతురు సంగతి కూడా చెప్పుకోవాలి. సముద్రం తూర్పున ఉంది. పొద్దున రోడ్డు వైపు నుంచి సముద్రం వైపు చూస్తే సూర్యుడు కళ్లల్లో, పిట్టలన్నీ నల్లటి నీడలు. మధ్యాహ్నం పోటు ఉన్న రోజు దొరికితే మాత్రం వదులుకోకండి. సూర్యుడు మీ వెనకకి వస్తాడు, స్టింట్ల వీపు మీద ఒక్కో ఈక అంచూ విడిగా కనిపిస్తుంది.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది గట్ల మీద నడక. స్కోపు లేకుండా పెద్ద లెన్సు ఒక్కటే తెచ్చుకున్నవాళ్లకి దగ్గరకి వెళ్లడం తప్ప దారి ఉండదు. వెనక ఆకాశం తప్ప ఏమీ లేకుండా నిటారుగా నడిచొచ్చే మనిషిని చూస్తే వెయ్యి పిట్టల గుంపు ఒక్కసారిగా లేచిపోతుంది. పోటు వేళ అవి విశ్రాంతికి వచ్చినవి, వెనక్కి పోదామంటే బురద నీళ్ల కింద ఉంది. లేచిన ప్రతిసారీ అవి ఖర్చుపెట్టేది వసంతంలో 8,000 కిలోమీటర్లు ఎగరడానికి దాచుకునే కొవ్వుని. ఒకరి ఫొటో కోసం అందరి పిట్టా పోతుందన్నది తర్వాతి సంగతి, ముందు దాని ప్రాణం సంగతి ఆలోచించండి. పైగా ఆ గట్లు ఒకరి పొలం గట్లు. మట్టితో మెత్తి కట్టినవి, బూటు కాలికి విరుగుతాయి. విరిగితే ఉప్పు రైతు నీళ్ల లెక్క అంతా తప్పుతుంది. కారు పక్కన కూర్చోండి, పిట్టలే దగ్గరకి వస్తాయి.

ఆ రైతు లేకపోతే అక్కడ పక్షే లేదు. ఉప్పు గిట్టుబాటు కాక రొయ్యల చెరువులకీ సోలార్ ప్యానెళ్లకీ ఆ నేలలు పోతున్నాయి. లోతైన రొయ్యల చెరువులో స్టింట్ నిలబడలేదు. థాయ్ పక్షి సంరక్షణ సంఘం విరాళాలతో పాక్ థలేలో కొన్ని మడులు కొని, నీళ్ల మట్టం పక్షుల కోసమే చూసుకుంటోంది. వెళ్లినవాళ్లు ఆ సంఘానికి చేతనైనంత ఇచ్చి రండి. రోడ్డు పక్కన రైతులు అమ్మే ఉప్పు సంచి ఒకటి కొనండి. దక్షిణ కొరియాలో 2006లో 33 కిలోమీటర్ల సెమాన్‌గుమ్ సముద్రపు గోడ పూర్తయ్యాక అక్కడ ఆగే గ్రేట్ నాట్ అనే వలస తీరపక్షులు ఎంతగా తగ్గాయో తెలిసినవాళ్లకి, ఒక బురద తీరం పోతే ఏం పోతుందో వేరే చెప్పక్కర్లేదు.

గ్రేట్ నాట్ అన్నాను కదా. పాక్ థలేలో ఒక్క తెడ్డుమూతి చూసి వెళ్లిపోయేవాళ్లు వదిలేసే సంపద ఇలాంటి పిట్టలే. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కి మూడున్నర గంటల విమానం, అంతే. కానీ అక్కడి పక్షులది వేరే వలస దారి. మనకి వచ్చేవాటిలో ఎక్కువ మధ్య ఆసియా దారిలో వస్తాయి. అక్కడికి వెళ్లేవి తూర్పు ఆసియా నుంచి ఆస్ట్రేలియా దాకా సాగే దారిలోవి. అందుకే మన దగ్గర మందలుగా ఉండే లిటిల్ స్టింట్ అక్కడ అరుదు, దాని స్థానంలో రెడ్‌నెక్డ్. నార్డ్‌మన్స్ గ్రీన్‌షాంక్ కోసం మామూలు గ్రీన్‌షాంక్ గుంపుల్లో వెతకండి. కాళ్లు పొట్టిగా పసుపు ఛాయలో, ముక్కు మొదట్లో లావుగా రెండు రంగుల్లో ఉంటుంది. ఏషియన్ డౌవిచర్ గాడ్విట్ల మధ్య నిలబడుతుంది. గాడ్విట్ ముక్కు మొదలు గులాబీ రంగు, దీనిది మొత్తం నలుపు, తిన్నగా ఉండి కొస ఉబ్బి ఉంటుంది. పొడుగు వంకర ముక్కు కర్లూలు లేచినప్పుడు నడుము చూడండి. తెల్లగా ఉంటే మామూలుది, గోధుమరంగైతే ఫార్ ఈస్టర్న్. కూర్చున్నప్పుడు వాదించుకోవడం దండగ.

కాస్త దక్షిణాన లేమ్ ఫక్ బియా ఇసుక తిన్నెకి చిన్న పడవలో వెళ్లొచ్చు. మలేషియన్ ప్లవర్, వైట్‌ఫేస్డ్ ప్లవర్, చైనీస్ ఈగ్రెట్ ఉండేది అక్కడ. పడవ వెళ్లే పాయలో నీళ్లు ఉండాలి కాబట్టి దీనికీ పోటే దిక్కు. పడవకీ మడులకీ ఒకే పోటు ఇస్తే రెండూ సగం సగమే అవుతాయి, వేర్వేరు రోజులు పెట్టుకోండి. మొత్తం మీద మూడు పోట్లు ఇవ్వలేని ప్లాన్ అసలు వెయ్యకండి.

వెళ్లే ముందు ఒక చలికాలం నౌపడలోనో, కాకినాడ దగ్గరో, పులికాట్‌లోనో లిటిల్ స్టింట్, కర్లూ శాండ్‌పైపర్, శాండ్ ప్లవర్లు కళ్లు మూసుకుని చెప్పగలిగేదాకా చూడండి. మామూలు పిట్ట బాగా తెలిసినవాళ్లకే తేడా పిట్ట పట్టుబడుతుంది.

చివరగా కాళ్లు చూడండి. తెడ్డుమూతి కాలికి లేత ఆకుపచ్చ జెండాలాంటి ప్లాస్టిక్ ముక్క, దాని మీద అక్షరమో అంకెనో ఉండొచ్చు. రష్యాలో గూళ్ల దగ్గర, చేత్తో పెంచి వదిలిన పిల్లలతో సహా, తొడిగినవి అవి. గ్రేట్ నాట్‌కి పసుపు జెండా ఉంటే అది ఆస్ట్రేలియా వాయవ్య తీరంలో తొడిగింది. రంగు, ఏ కాలు, మోకాలి పైనా కిందా, కోడ్, తేదీ, చోటు రాసుకుని, స్కోపుకి ఫోన్ ఆనించి ఒక ఫొటో తీసి థాయ్ సంఘానికి పంపండి. రాత్రి గదికి రాగానే ట్రైపాడ్ కాళ్లని మంచినీళ్లతో కడిగి, స్కోపుని తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. ఉప్పుగాలి రెండు రోజుల్లో స్క్రూలు పట్టేస్తుంది, మూడో పోటుకి ట్రైపాడ్ తెరుచుకోదు.