బొమ్మ కదిపేముందు ఒక్క ప్రశ్న అడగండి

యానిమేషన్లు ప్రొజెక్టర్ మీద చూపిస్తే డేటా స్ట్రక్చర్లు (కంప్యూటర్లో సమాచారాన్ని అమర్చే పద్ధతులు) ఇట్టే అర్థమవుతాయని ఒక వ్యాసంలో రాశారు. నేను సగమే ఒప్పుకుంటాను. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం పిల్లలకు ఈ సబ్జెక్టు చెబుతున్నాను. మొదట్లో నేనూ అల్గారిథమ్‌లను బొమ్మల్లో చూపే విజువాల్గో వెబ్‌సైటులో సార్టింగ్ (అంకెల్ని వరసలో పేర్చడం) ఆడించేవాణ్ని. కడ్డీలు అటూ ఇటూ జరుగుతుంటే క్లాసంతా కళ్లప్పగించి చూసేది. మర్నాడు క్విక్‌సార్ట్ అనే సార్టింగ్ పద్ధతిలో పివట్ (మిగతావాటిని పోల్చడానికి ఎంచుకున్న అంకె) ఎక్కడ కుదురుకుంటుందని అడిగితే నిశ్శబ్దం.

ఇప్పుడు ప్రోగ్రామ్ ఒక్కో మెట్టూ ఎలా నడుస్తుందో బొమ్మగా చూపే పైథాన్ ట్యూటర్‌ వెబ్‌సైటులో 'ఎ' అనే లిస్టులో 1, 2, 3 పెట్టి, 'బి = ఎ' అని రాసి, 'బి' చివర 4 చేరుస్తాను. తర్వాతి మెట్టుకు వెళ్లకుండా అక్కడే ఆపి, 'ఎ'లో ఏముంటుందో నోటుబుక్కులో గీయమంటాను. చాలామంది రెండు వేరువేరు లిస్టులు గీస్తారు. తర్వాత మెట్టు కదిపితే, తెర మీద 'ఎ', 'బి'ల నుంచి వచ్చే రెండు బాణాలూ ఒకే లిస్టును చూపిస్తాయి. తాము గీసినదానికీ దానికీ తేడా కళ్లబడ్డప్పుడే రిఫరెన్స్ అంటే ఏమిటో, అంటే పేరు లిస్టును వేలెత్తి చూపుతుందే తప్ప దాని నకలు కాదని, బుర్రకెక్కుతుంది. 2002లో హుండ్‌హౌజన్, డగ్లస్, స్టాస్కో అనే పరిశోధకులు ఇలాంటి బొమ్మలతో బోధించడంపై జరిగిన 24 ప్రయోగాలను పరిశీలించి చెప్పిందీ ఇదే: బొమ్మలో ఏముందన్నదానికంటే విద్యార్థి దానితో ఏం చేశాడన్నదే ఎక్కువ ముఖ్యం.

రికర్షన్‌కైతే (ఒక ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం) నేను కంప్యూటరే తెరవను. ఐదుగురిని వరసగా నిలబెట్టి మొదటివాడికి ఫ్యాక్టోరియల్ 5 (5×4×3×2×1) చీటీ అందిస్తాను; ఒక్కొక్కరూ ఒకటి తగ్గించిన చీటీ పక్కవాడికి ఇస్తారు. చివరివాడు 'ఒకటి' అన్నాకే జవాబు ఒక్కొక్కరి చేతిలో వాళ్ల అంకెతో గుణించబడుతూ వెనక్కి వస్తుంది.